మూడొందల విండోస్

మా అక్క పెళ్లిలో పూల సెట్టింగు కూలి పాస్టరుగారి మీద పడిందని పామర్రులో ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలికి పడిందని కొందరు, డెకరేషన్ వాళ్లు సరిగా కట్టలేదని కొందరు అంటారు. గాలికీ, డెకరేషన్ వాళ్లకీ ఏ పాపమూ తెలియదు. దాన్ని కూల్చింది నేను. అదీ చెయ్యి వెయ్యకుండా, ఇరవై అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, మూడు వందల రూపాయల ఖర్చుతో. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా ఫర్వాలేదు కానీ, మా అక్క లేనప్పుడు నవ్వండి.

నా పేరు ప్రభుదాస్. ఇంట్లో ప్రభు. అప్పటికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుదామని నిర్ణయించుకున్నాను. దానికి కంప్యూటరు కావాలి. తయారుగా ఉన్నది కొనుక్కోవడం చేతకానివాళ్ల పని అనీ, భాగాలు విడివిడిగా తెచ్చి స్వహస్తాలతో బిగించుకున్నవాడే మొనగాడనీ ఎవరో వీడియోలో చెబితే నమ్మేశాను. ఏడాదిపాటు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బంతా పట్టుకుని విజయవాడ బస్సెక్కాను.

అక్కడ కంప్యూటర్ సామాను అమ్మే బాషాగారని ఒక పెద్దమనిషి ఉన్నారు. సరుకు అమ్మడం కన్నా సలహా చెప్పడమంటే ఆయనకు ఎక్కువ ఇష్టం. నేనడిగినవన్నీ బల్లమీద పేర్చి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఓఎస్ సంగతేంటి తమ్ముడూ?"

"అంటే ఏంటండీ?"

"ఆపరేటింగ్ సిస్టం. విండోసు."

"అది కంప్యూటర్లోనే వస్తది కదండీ."

"కంపెనీ కంప్యూటర్లో వస్తది. నువ్వు బిగించిందాంట్లో నువ్వు కొని ఎక్కిస్తేనే వస్తది. లేకపోతే ఇదంతా కరెంటు తాగే బీరువా."

ధర చెప్పారు. పది వేలు దాటింది. చేత్తో పట్టుకోవడానికి లేదు, పక్కింటివాళ్లకు చూపించడానికి లేదు, అలాంటి వస్తువుకు పది వేలా? ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడాడంటారు. నేను ఏనుగును కొని, గంటలు కట్టి, అంబారీ కూడా ఎక్కించాక, మావటివాడికి జీతమివ్వాలని తెలుసుకున్నవాణ్ని.

"డబ్బుల్లేకపోతే లైనక్స్ వేసుకో. ఊరికే వస్తది, దర్జాగా పని చేస్తది" అన్నారు బాషాగారు.

"ఊరికే వచ్చేదానికి విలువేముంటదండీ" అన్నాను. ఆ వయసులో నాకు తెలియని విషయం మీదే నాకు ఎక్కువ అభిప్రాయాలుండేవి.

ఇంటికొచ్చి మా గ్రేసక్క దగ్గర మొహం వేలాడేశాను. అక్క విజయవాడలో నర్సు. నెలరోజుల్లో ఆమె పెళ్లి. పెళ్లికొడుకు శామ్యూల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"ఎంత తక్కువైందిరా?"

"పది వేలక్కా."

"ఇస్తాను. కానీ నా పెళ్లికి చర్చిలో పాటలన్నీ నువ్వే తెరమీద వెయ్యాలి. ఆయన తరఫువాళ్లు ఎవరూ పాటల పుస్తకాలు తెచ్చుకోరు. వేస్తావా?"

"వేస్తాను."

"ఈ డబ్బు ఆ విండోసుకే పెట్టు. వేరేదానికి పెట్టావని తెలిసిందా, మత్తివ్వకుండా కుట్లేస్తా."

మర్నాడే ఆ పది వేలతో మళ్లీ బాషాగారి కొట్టుకు వెళ్లాను. ఆయన లైసెన్సు పెట్టె తియ్యడానికి వెనక్కి తిరిగారు. ఆ ఒక్క నిమిషంలో నా కళ్లు అద్దాల బీరువాలో వెలుగుతున్న కంప్యూటర్ ఫ్యాన్ల మీద పడ్డాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తిరునాళ్లలో రంగులరాట్నంలా తిరుగుతున్నాయి.

"అవి ఆరు ఇవ్వండి. అద్దం తలుపున్న డబ్బా కూడా."

బాషాగారు పెట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. "మరి విండోసు?"

నేను ఫోను తీసి చూపించాను. ఎవరో ఒకాయన విండోసును తెరిచే కోడు, దాన్నే కీ అంటారు, మూడొందలకే అమ్ముతున్నాడు. జీవితకాలం గ్యారంటీ అని కూడా రాశాడు. ఎవరి జీవితకాలమో రాయలేదు.

"పది వేల సరుకు మూడొందలకి ఎవడిస్తాడు తమ్ముడూ? ఊరికే వచ్చేది పనికిరాదంటావు, మూడొందలది పనికొస్తదంటావు. నీకు లెక్కలు ఎవరు చెప్పారు?"

"నేనే పిల్లలకి చెబుతానండీ."

"ఆ పిల్లల్ని అల్లా కాపాడాలి" అని ఆయన ఫ్యాన్లు కట్టిచ్చారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కీ పనిచేసింది. మూడు వారాలు రాజాలా పనిచేసింది. అక్క వచ్చి చూసి, "ఈ లైట్లు కూడా విండోసుతోనే వస్తాయా?" అని అడిగింది. "ఒరిజినల్ అయితే వస్తాయక్కా" అన్నాను. ఆమె మెచ్చుకుంది. అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. నాది ఆరు ఫ్యాన్లతో తిరుగుతూ ఉండేది.

పెళ్లిరోజు పొద్దున్నే కంప్యూటర్ని ఆటోలో చర్చికి తీసుకెళ్లి ప్రొజెక్టరుకు తగిలించాను. తెర వెలిగింది. కుడివైపు కింద మూలన, బూడిదరంగు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వాక్యాలు. 'యాక్టివేట్ విండోస్. గో టు సెట్టింగ్స్ టు యాక్టివేట్ విండోస్.' కీ చచ్చిపోయింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారులే అనుకున్నాను. గదిలో చీమంత అక్షరం పన్నెండడుగుల తెరమీద గుమ్మడికాయంత అవుతుందన్న జ్ఞానం అప్పటికింకా కలగలేదు.

తెర బాగా కనబడాలంటే చీకటి కావాలని కిటికీలన్నీ నేనే మూయించాను. ఇంకో కారణం కూడా ఉంది. పక్క పొలంలో వరి నూర్పిడి మిషను ఆడుతోంది, పొట్టు ఎగురుతోంది. కిటికీల బాధ్యత సంఘపెద్ద యాకోబు తాతయ్యకు అప్పగించాను. ఆయన ప్రభుత్వాఫీసులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన మనిషి.

పెళ్లి మొదలైంది. మొదటి పాట రెండో చరణంలో ఉండగా తాతయ్య నా కుర్చీ పక్కకు వచ్చి వంగాడు.

"ఏరా ప్రభూ, కిటికీలు మూయమన్నావు. ఇప్పుడు తియ్యమని తెరమీద రాశావేంటి?"

నేను చరణాలు కిందకు జరిపే పనిలో ఉన్నాను. ఆయన మాట సగమే చెవిన పడింది. "అవును తాతయ్యా" అన్నాను.

"సెట్టింగు దగ్గరికెళ్లి తియ్యమన్నావు. దానెనకాలది కూడానా?"

"అలాగే తాతయ్యా."

ఆయన నిట్టూర్చి వెళ్లాడు. మొదటి కిటికీ తెరిచాడు. రెండోది, మూడోది. ఎండ లోపలికి వచ్చి తెరమీద పడింది. పాట మాయమైంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు కాసేపు మూలిగినట్టు రాగం తీసి, ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు. నాలుగో కిటికీలోంచి పొట్టు మొదలైంది. అక్క ముసుగు మీద బంగారు జరీలా పేరుకుంది.

పాస్టరుగారు అనుభవమున్న మనిషి. పాట వదిలేసి నేరుగా ప్రమాణాల్లోకి వెళ్లిపోయారు. "ఈమెను భార్యగా స్వీకరించుట నీకు ఇష్టమేనా?"

శామ్యూల్ బావ నోరు తెరిచి మూడుసార్లు తుమ్మాడు. మేం శకునాలు నమ్మం. అయినా ఆ మూడు తుమ్ముల్నీ చర్చి మొత్తం లెక్కపెట్టుకుంది.

అప్పుడు నాకు తాతయ్య కనిపించాడు. వేదిక మీది పూల సెట్టింగు వెనక, దాన్ని కిటికీ ఊచకు కట్టిన తాడు ముడి శ్రద్ధగా విప్పుతున్నాడు. నేను లేచి చేతులు ఊపాను. ఆయన కూడా, అయిపోవచ్చింది కంగారుపడకు అన్నట్టు చెయ్యి ఊపాడు. మధ్యలో పెద్ద హృదయం ఆకారపు కంతతో, పూలు గుచ్చి ఉన్న ఆ థర్మాకోల్ సెట్టింగు తాపీగా ముందుకు వంగింది. వధూవరుల్ని వదిలేసి పాస్టరుగారి మీద పడింది. ఆయన తల సరిగ్గా హృదయంలోంచి బయటికి వచ్చింది. దెబ్బ తగల్లేదు. "ప్రభూ" అని మాత్రం అన్నారు. నన్ను పిలిచారో పైవాణ్ని పిలిచారో ఇప్పటికీ అడగలేదు.

ఆ హృదయం మెడలో ఉండగానే ఆయన ప్రమాణాలు పూర్తి చేశారు. బావ ఇష్టమేనన్నాడు.

అయ్యాక చర్చి వరండాలో విచారణ జరిగింది. తాతయ్య తొణకలేదు. "రాతపూర్వకంగా వచ్చిందానికి నేను సర్వీసులో ఏనాడూ ఎదురు ప్రశ్న వెయ్యలేదమ్మా. అయినా వాణ్ని నోటితో కూడా అడిగాను" అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. "ఆ ఇంగ్లీషు ముక్క తెరమీదకి ఎందుకొచ్చిందిరా?"

చెప్పాను. మూడొందలు, ఫ్యాన్లు, అద్దం తలుపు, అన్నీ. అక్క తల్లో పొట్టు దులుపుకుంటూ చివరిదాకా విన్నది.

"ఇవాళ నా పెళ్లి కాబట్టి బతికిపోయావు. మీ బావని చూసి నేర్చుకో. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్ల నుంచీ ఉన్నారు. ఆయన కంప్యూటర్లో ప్రతిదీ డబ్బు పోసి కొన్నదే. దొంగసరుకు గుమ్మం తొక్కనివ్వరు."

నేను తల దించుకున్నాను. బావ నా భుజం మీద చెయ్యి వేసి, ఓదార్చేవాడిలా మెల్లగా చర్చి వెనక్కి నడిపించాడు. అటూ ఇటూ చూశాడు.

"ఎవరి దగ్గర కొన్నావు ప్రభూ?"

ఫోనులో ఆ నంబరు చూపించాను. బావ తన ఫోను తీసి నా ఫోను పక్కన పెట్టి చూపించాడు. రెండిట్లోనూ ఒకటే నంబరు.

"నాది పది రోజుల కిందే పోయింది" అన్నాడు. "నీకైనా ఎత్తుతున్నాడా?"

ఆ మధ్యాహ్నం, బిర్యానీ పళ్లెం చేతిలో పట్టుకుని, బావ సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. కలిమిలోనూ లేమిలోనూ, కరెంటున్నప్పుడూ పోయినప్పుడూ, ఇకమీదట అసలైన లైసెన్సునే చేపడతాను, లేదా లైనక్స్‌తో కాపురం చేస్తాను. మూడొందల కీ వైపు కన్నెత్తి చూడను. బావ కూడా పొట్టుకు ఇంకోసారి తుమ్మి, తనకూ ఇష్టమేనన్నాడు.