తుడిచేముందు ఒక్క లైను

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒకాయన ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తున్నాడు. రెండు నెలల చెరువుల సర్వే ఫైళ్లను లైనక్సులో tar అనే ఆదేశంతో ఒకే మూటగా కట్టి పెన్‌డ్రైవ్‌లోకి పంపాడు. ఇక అసలు ఫైళ్లు తుడిచేయడానికి rm అని కొట్టాడు. ఎంటర్ నొక్కడమే మిగిలింది.

"ఆగున్రి అన్నా! మూటల ఏమేం ఉన్నయో చూసినంకనే తుడువున్రి. లైనక్సుల తుడిస్తే మల్ల రాదు" అన్నాను.

"నీకేం తెలుసు చెల్లే? ఏం చదివినవ్?"

"ఇంటర్ తప్పిన. గిది లైబ్రరీల చదివి గీ నోట్‌బుక్కుల రాసుకున్న."

"కంప్యూటరుందా?"

"లేదు."

ఆయన నవ్వాడు. "పుస్తకం చదివి ఈత కొడ్తవా?"

"మునిగేది మీ ఫైళ్లే గదా, నాకేంది?"

నవ్వు ఆపి, కొట్టిన rm చెరిపి, లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "కొట్టు మరి."

కీబోర్డు ముట్టుకోవడం నాకదే మొదలు. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ, మూటలో ఉన్నవాటి జాబితా చూపే tar -tf అని, పక్కన మూట పేరు కొట్టాను. ఊళ్ల పేర్లున్న ఫైళ్లు వరసగా దిగి మాచారెడ్డి దగ్గర ఆగిపోయాయి. కింద ఎర్రర్. పెన్‌డ్రైవ్ నిండిపోయి మూట సగంలోనే తెగింది. మహమ్మద్‌నగర్, ఎల్లారెడ్డి అందులో లేనే లేవు.

ఆయన అసలు ఫైళ్లను తుడవకుండానే లాప్‌టాప్ మూశాడు. బస్సొచ్చింది, కండక్టరు అరుస్తున్నాడు.

"ఆ నోట్‌బుక్కు ఒకపారి ఇయ్యమ్మా" అని, నిలబడిన చోటే అందులోని tar -tf లైను తన డైరీలో రాసుకున్నాడు.

ఇంటర్ తప్పానన్న సంగతి ఇప్పుడు ఎవరూ అడగకముందే నేనే చెప్తాను.