వెస్టుకు మాత్రమే వచ్చిన పాట

పోయినవి ముందు చెబుతాను. ఒక రోజు సెలవు, గొడుగు ఒకటి, ఎడమకాలి చెప్పు ఒకటి, నూట అరవై నాలుగు రూపాయలు, ఇంట్లో నాకున్న లెక్కల మనిషనే పేరు.

మా అమ్మాయి సునీత అనకాపల్లిలో డిగ్రీ చదువుతోంది. శనివారం పది గంటలకు కాలేజీలో ఇంగ్లీషు పాటల పోటీ. టీవీలో ఒక జపాన్ గాయని పాడిన ఇంగ్లీషు పాట రెండుసార్లు విని, మొత్తం పదహారు పంక్తులని లెక్కపెట్టి, పది రాసుకుంది. మూడోసారి వచ్చేసరికి కరెంటు లేదు. మిగతా ఆరూ దొరక్కపోతే పోటీలోంచి పేరు తీసేయించుకుంటానంది.

గురువారం సాయంత్రం క్యాసెట్ల షాపు అప్పారావును ఆ పాట క్యాసెట్టు అడిగాను.

"అది మనకి రాదు మావా. ఆవిడ జపాన్ బాషలో పాడింది ఈస్టుకి, ఇంగ్లీషులో పాడింది వెస్టుకేనంట" అన్నాడు.

మా వైపు వెస్టంటే ఒకటే, వెస్ట్ గోదావరి జిల్లా. బెల్లం కాటా దగ్గర లెక్కలు నేర్చినవాణ్ణి, దూరం లెక్కవేసుకున్నాను. పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు.

శుక్రవారం ఉదయం ఏడూ పదికి అనకాపల్లిలో రైలు. టికెట్టు యాభై ఎనిమిది. తునిలో ఇడ్లీ పన్నెండు. రాజమండ్రిలో రద్దీకి సీటు మారాను, గొడుగు మారలేదు. ఎదురుగా తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి కూర్చున్నాడు.

"వంతెన దాటితే మా వెస్టేనండి. గూడెంలో దిగండి, ఏం కావాలన్నా దొరుకుద్ది, ఆయ్" అన్నాడు.

పదకొండున్నరకు గూడెంలో దిగాను. తోపులాటలో ఎడమ చెప్పు బండితోపాటు ఏలూరు వెళ్ళిపోయింది. ఒంటి చెప్పుతో పాటల షాపుకు వెళ్ళి, వెస్టు కోసం వేసిన ఇంగ్లీషు ఆల్బం ఇమ్మన్నాను. షాపాయన నా కాళ్ళకేసి చూశాడు.

"ఆ వెస్టు మాది కాదండీ. ఇంకా ముందుకెళ్ళాలి."

"ఏలూరా?"

"అమెరికా అండి."

ఎదురు హోటల్లో భోజనం ఇరవై అయిదు. తర్వాత బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను, పదకొండు రూపాయలు.

"గూడెంలో ఏటి చేత్తన్నావు నాన్నా?" అంది సునీత. చెప్పాను. చాలాసేపు నవ్వింది. మీటరు తిరుగుతూనే ఉంది. "మరి నా పేరు తీయించేసుకోనా?"

"వద్దమ్మా. ఉన్న పదీ పాడు. మిగతా ఆరూ నా పేరున బాకీ రాసుకో."

తిరుగు టికెట్టు మళ్ళీ యాభై ఎనిమిది. గోదావరి మీద చల్లగాలి వేసింది. పడమటికి చేరడానికి ఆ గాయని భాషే మార్చుకుంది. నేను ఒక వంతెన దాటి సరిపెట్టుకున్నాను. దారిన పోయేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: వెస్టుకు వెళ్ళేముందు ఏ వెస్టో అడగండి.

శనివారం సునీత పది పంక్తులూ పాడి, మొదటి ఆరూ మళ్ళీ పాడింది. ఎవరూ కనిపెట్టలేదు, రెండో బహుమతి కూడా ఇచ్చారు. తను మాత్రం మళ్ళీ పాడిన ఆ ఆరింటినీ నా బాకీకి జమ వేయలేదు. ఈ రోజుకీ మా అమ్మాయికి నేను ఇవ్వవలసింది ఆరు పంక్తులు.