పక్కకు జరగని ఓర్సత్

ఓర్సత్‌కు కళ్లు పోయాయి. కాళ్లు పోలేదు. ఈ రెండో సంగతి మా దుబ్రోవ్నిక్‌లో చాలామంది బుర్రకెక్కలేదు.

నేను బూట్లు బాగుచేసేవాణ్ణి. పాత కోటలో, పెద్ద వీధి స్ట్రాదున్‌కు ఆనుకున్న సందులో నా కొట్టు. ఓర్సత్ బూట్ల అడుగుకు పల్చటి తోలే వెయ్యాలి. "మందంగా వేశావంటే నన్ను రెండోసారి గుడ్డివాణ్ణి చేసినట్టే మేస్త్రీ" అంటాడు. వీధి నడుమ రాళ్లు ఎన్నో తరాల కాళ్ల కింద అరిగి నున్నబడ్డాయి. గోడవార రాళ్లు ఇంకా గరుకే. కాలికి ఆ నునుపూ గరుకూ కలిసేచోటే ఆయన దారి. తూర్పు కొసన గడియారం గోపురం కింద చిన్న ఫౌంటెన్ చప్పుడు, పడమటి ద్వారం దగ్గర పెద్ద ఫౌంటెన్ చప్పుడు. పొద్దున్నే మొదలుపెట్టి ఆ రెంటి మధ్య తీరిగ్గా తిరుగుతూనే ఉంటాడు. రేవు వైపు నుంచి చేపల వాసన వస్తే ధర అడుగుతాడు. చర్చి తలుపులోంచి చల్లగాలి తగిలితే టోపీ తీస్తాడు. తెలిసిన గొంతు వినబడితే ఆగి, వాళ్ల చుట్టాలందరి క్షేమం అడిగి, ఇద్దరు ముగ్గుర్ని తిట్టి కదులుతాడు. మా ఊళ్లో దీన్ని జీర్ అంటారు. పనిమీద తిరిగితే అది జీర్ కాదు.

కళ్లున్న రోజుల్లో ఊరి బ్యాండులో పెద్ద డోలు ఆయనదే. మా ఊరిని కాచే వ్లాహో పునీతుడి పండుగనాడు ఆ డోలు మోగితే మా ఆవిడ అల్మారాలో గ్లాసులు కదిలేవి.

ఈ వేసవిలో ఫ్రానో తన కాఫీ హోటలు బల్లల్ని గోడవార నుంచి వీధి నడుమదాకా జరిపాడు. ఓర్సత్ దారి సరిగ్గా వాటి కిందికి పోయింది. మొదటిరోజే ఆయన కర్ర ఒక బల్లకు తగిలి, ఎవరో దొరసాని గౌను నిండా ఎర్ర వైను ఒలికింది. ఊరి పెద్దమనిషిని పిలిచినట్టు 'గోస్పర్' అంటూ ఫ్రానో పరుగెత్తుకొచ్చాడు.

"గోస్పర్ ఓర్సత్, మీకీ అవస్థ ఎందుకండీ? వెనక సందులోంచి పోరాదూ?"

"వెనక సందులో మెట్లున్నాయిరా."

"పోనీ, మా సర్వరు చెయ్యి పట్టుకుని దాటిస్తాడు."

"నన్ను చెయ్యి పట్టుకు నడిపించింది మా అమ్మ. ఆ ఉద్యోగం ఖాళీ లేదు."

"మీ ఒక్కరి కోసం బల్లలన్నీ ఎత్తమంటారా ఏంటి?"

"ఎత్తొద్దు. తన్నుకుంటూ పోతాలే."

అన్నట్టే మర్నాడూ వెళ్లాడు. కుర్చీ కాలు తగిలి బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి, నెత్తుటి పంట్లాంతో నా కొట్టుకొచ్చి కూలబడ్డాడు. ఆ తర్వాత కొన్నాళ్లు జీర్ లేదు. రోజూ నా దగ్గరే కూర్చునేవాడు. నాకు ఫ్రానో మీద ఒళ్లు మండిపోయేది. పిలిచి కడిగేస్తానంటే ఓర్సత్ వద్దన్నాడు.

"ఇవాళ వీధి దాటడానికి చెయ్యి పట్టుకున్నాననుకో, రేపు మందుల షాపుకి పట్టుకోవాలి. ఎల్లుండి చర్చికి. ఆ తర్వాత కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటిమీద దుప్పటి కప్పుతారు. నాకు భయంగా ఉంది మేస్త్రీ" అన్నాడు.

నేను సుత్తి అందుకుని మేకులు దిగ్గొట్టసాగాను. కాసేపటికి ఆయన తలెత్తాడు. నా సుత్తి దెబ్బలకు ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

"నా డోలు చర్మం ఇంకా బాగుండి ఉంటుందంటావా?" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్రానో బల్లలు కిటకిటలాడుతుండగా గోపురం వైపు నుంచి మోత వినబడింది. ధాం! ధాం! కొట్టు వదిలేసి పరుగెత్తాను. ఓర్సత్ ఒంటిమీద బ్యాండు కోటు, ఇత్తడి గుండీలు. పొట్ట మీద ఒక్క గుండీ పడలేదు. ఆ పొట్ట ముందు డోలు. కర్ర లేదు, తోడు లేదు. పల్చటి బూటడుగుల్తో రాళ్లు తడుముకుంటూ తన దారిలోనే వస్తున్నాడు. ఊరు చూడవచ్చిన పరదేశులు అదేదో వేడుకనుకుని లేచి చప్పట్లు కొట్టారు. కుర్చీలు వాళ్లే పక్కకి లాక్కున్నారు, ఫోటోలు వాళ్లే తీసుకున్నారు. రెండు బల్లల్ని సర్వర్లు ఎత్తి పక్కన పెట్టారు. మూడో బల్లకు ఫ్రానో అడ్డం నిలబడ్డాడు.

"ఆపండి గోస్పర్! బేరం నాశనమైపోతోంది!"

"చప్పట్లు కొడుతుంటే నాశనమంటావేంట్రా?"

"ముందు బల్లుంది, పక్కకి జరగండి!"

"మీ నాన్న బ్యాండులో బాకా పట్టుకుని నా ముందు నడిచిన మనిషి. ఈ వీధిలో ఏనాడైనా పక్కకి జరిగాడేమో ఇంటికెళ్లి అడుగు!"

ఫ్రానో మొహం ఎర్రబడింది. పై కిటికీల్లోంచి ముసలమ్మలు "తియ్యరా బల్ల!" అని అరిచారు. ఓర్సత్ ఆగలేదు. డోలు అంచు బల్లకు తగలబోయే క్షణంలో ఫ్రానో గొణుక్కుంటూ బల్ల ఎత్తాడు.

అప్పటినుంచి ఆ బల్లల మధ్య డోలంత వెడల్పున దారి ఉంది. "దారిచ్చాగా, ఇక డోలు ఇంట్లో పెట్టండి" అని ఫ్రానో బతిమాలాడు. "ఇచ్చింది నువ్వా, డోలా?" అన్నాడు ఓర్సత్. ఆదివారం వస్తే ఇప్పటికీ మోగిస్తాడు.

మొన్న సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు వాన పడింది. మా వీధి రాళ్లు తడిస్తే సబ్బు ముక్కలే. ఓర్సత్ అటుగా పోతుంటే నాకు మనసాగలేదు, వెంట వెళ్లాను. నాలుగడుగులు వేశానో లేదో కాలు జారి కింద పడబోయాను. ఆయన ఆగి, మోచెయ్యి నావైపు చాచాడు.

"నీ బూట్ల అడుగు మందం మేస్త్రీ. పట్టుకో."

పట్టుకున్నాను. పెద్ద ఫౌంటెన్ దాకా నన్ను ఆయనే నడిపించాడు.