వాత మీద పావలా

మా జహీరాబాద్‌లో నాగవ్వను ఎరగని తల్లి ఉండేది కాదు. పిల్లలకు కడుపు ఉబ్బి, ఎడమ డొక్కలో ఉండే తిల్లి, అంటే ప్లీహం, గట్టిగా చేతికి తగిలితే చాలు, ఆమె దగ్గరికే ఎత్తుకొచ్చేవాళ్లు. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి డొక్క మీద వాత పెట్టేది. నా డొక్క మీద కూడా ఆమె పెట్టిన వాత ఉంది.

ఎనభై నాలుగులో ఆమె అల్లం చేను కాసే కుక్క మల్లిగాడికి కడుపు ఉబ్బింది. పిల్లలు లేని నాగవ్వకు వాడే కొడుకు. ఏడుస్తూనే వాడికీ వాత పెట్టింది. పుండు మానింది గానీ ఉబ్బు తగ్గలేదు. వాడు తిండి కూడా మానేశాడు. ఇక ఆగలేక నేనే ఆమెను పశువుల డాక్టర్ శివరాజ్ దగ్గరికి లాక్కుపోయాను.

ఆయన నొక్కి చూసి, ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదన్నాడు. మాకు దొరికిన మిషను మనుషుల దవాఖానలోది. దాన్ని నడిపే శరణప్ప మండిపడ్డాడు.

"మనుషులు పండుకునే జాగల కుక్కనా? రేపు ఎడ్లను గూడ తోల్కొస్తరా?"

"నీ మనుషుల కంటె మా మల్లిగాడే సాఫ్ ఉంటడు శరణప్పా. జర తియ్యి, నేను పట్టుకుంట," అంది నాగవ్వ.

శరణప్పకు నవ్వొచ్చింది, ఒప్పుకున్నాడు. మా వెంట వచ్చిన డాక్టర్ వాత మచ్చ మీద ఒక పావలా బిళ్ల అతికించాడు.

"నీ వాత ఎక్కడున్నదో ఫోటోల కనబడాలె గద, అవ్వా."

ఫిలిం ఆరాక కిటికీ వెలుగుకు పట్టాడు. తెల్లగా, చిన్నగా పావలా. దాని వెనక, పేగులన్నింటినీ పక్కకు నెట్టేసి, తొడల దాకా పెద్ద నీడ.

"గిదే తిల్లి."

"గింతనా! మరి నా వాత?"

"తోలు మీదనే ఆగింది, అవ్వా. లోపలికేం పోలె."

నాగవ్వ ఫిలిం మీది పావలాను వేలితో తడిమింది. నేను నా డొక్క మీది మచ్చను తడుముకున్నాను.

మల్లిగాడిని అల్లం లారీలో హైదరాబాద్ తీసుకుపోతే, అక్కడ కడుపు కోసి తిల్లినే తీసేశారు. తిల్లి లేకుండానే కుక్క బతికింది! తోక ఊపుకుంటూ లారీ దిగిన వాణ్ణి హత్తుకుని, నాగవ్వ నా వైపు చూసింది.

"నీకెట్ల తగ్గిందే బిడ్డా?"

అబద్ధం నోటికి రాలేదు. "మలేరియా జరమని దవాఖానల గోలీలిచ్చిన్రు. అవి మింగిన."

"ఎన్నడు చెప్పకపోతివి!"

"నువ్వు అడగలే, అవ్వా."

ఆ సాయంత్రమే ఒకామె పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చింది. నాగవ్వ వాడి డొక్క నొక్కి చూసింది. కడ్డీ జోలికి పోలేదు. చెప్పులు వేసుకుంది.

"నడువు, దవాఖానకు నేను గూడ వస్త."