నిటారు రొయ్యల వేలం పాట

రొయ్య అన్నాక వంకర ఉండాలి. మొగల్తూరు చుట్టుపక్కల ఏ ఇల్లాలినడిగినా ఇదే చెబుతుంది. మూకుట్లో రొయ్య ముడుచుకుంటే ఉడికినట్టు, లేకపోతే ఇంకా పచ్చి. అలాంటి చోట పుట్టిన రూతు, ఆరేళ్ళుగా రొయ్యల వంకర తీసే ఉద్యోగం చేస్తోంది. విన్నవాళ్ళు నవ్వేవారు. నవ్వరూ మరి!

ఊరవతల రోడ్డు పక్కనున్న ఎక్స్‌పోర్టు ప్లాంటులో ఆమెకు పని. రొయ్య పొట్టు తీసి, పొట్ట కింద కత్తితో సన్నగా గాట్లు పెట్టి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వేళ్ళతో మెల్లగా నొక్కాలి. లోపల నరం టప్పుమని తెగుతుంది. అప్పుడది పెన్సిల్లా సాగి నిటారుగా పడుకుంటుంది. నోబాషి అంటారు దాన్ని. ట్రేలో పేర్చి గడ్డ కట్టించి జపాను పంపిస్తే, అక్కడివాళ్ళు పల్చటి పిండిలో ముంచి వేయించుకు తింటారట. అట అనే అనాలి. ఐసు నీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయేలా వాటిని తయారుచేసే ఆడవాళ్ళలో ఒక్కరూ వాటి రుచి ఎరగరు. గేటు దగ్గర తనిఖీ చేసిగాని బయటికి వదలరు.

అంతకుముందు రూతు వరి కూలీ. ఏటా చర్చిలో కోతల పండక్కి ఎవరి చేత్తో పండించింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. రూతు తాను కోసిన వరి కట్ట తలకెత్తుకుని దర్జాగా వెళ్ళేది. ఊరి ఆసామి భీమరాజుగారు తన పొలాలన్నీ తవ్వించి రొయ్యల చెరువులు చేశాక కోతలూ లేవు, కట్టా లేదు. కొట్లో కొన్న బియ్యం పళ్ళెంలో పోసుకుని వెళ్ళాల్సి వచ్చింది. తన చెయ్యి పడని గింజల్ని దేవుడి ముందు పెడుతున్నప్పుడల్లా ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

రెండువేల మూడులో ఇక ఊరుకోలేక, చర్చి పెద్ద సాల్మన్ దగ్గరికి వెళ్ళింది. వేలం పాడించేది ఆయనే.

“మావయ్యా, ఈసారి నా పంట నేను తెస్తానండి.”

“నీకు పొలం ఎక్కడిదే అమ్మా?”

“చేతులున్నాయి కదండీ. సంతలో రొయ్యలు కొని, ప్లాంటులో చేసినట్టే చేసి తెస్తాను.”

“ఆ కర్రపుల్లల్ని ఎవరు పాడతారే తల్లీ? పాట రాకుండా మిగిలిపోతే నలుగుర్లో నీకే చిన్నతనం.”

“మిగిలితే నేనే పట్టుకుపోతానండి,” అంది రూతు.

పండగ నాడు అరటిగెల వెళ్ళింది, గుమ్మడికాయ వెళ్ళింది, కోడిపుంజు మంచి ధర పలికింది. ఆ తర్వాత సాల్మన్ రూతు పళ్ళెం ఎత్తాడు. అందరూ మెడలు సాచి చూశారుగాని ఒక్కరూ పాట పెట్టలేదు.

“చచ్చాక కూడా అటెన్షన్‌లో ఉన్నాయేంటండీ ఇవి!” అన్నాడెవరో. చర్చి ఆవరణంతా గొల్లుమంది. రూతుకు ఏడుపొచ్చినంత పనైంది.

సాల్మన్‌కు జాలేసింది. పచ్చిగా ఉంటే వాటి రుచి ఎవరికీ తెలియదు, వేయించి పట్టుకురమ్మంటూ రూతును వెనక విందు వంటలు జరుగుతున్న పాకలోకి పంపాడు. అక్కడ పొయ్యి దగ్గర రాజ్యం సంపూర్ణమ్మది. రూతు పిండి కలిపింది. కారం లేనిది మనవాళ్ళకు ఎక్కదని కాస్త కారమూ వేసింది. రంగు మారగానే తీసెయ్యమని చెప్పబోతే సంపూర్ణమ్మ కసిరింది.

“రొయ్యలు వేయించడం నాకు నేర్పుతావేంటే? ముడుచుకోనీ, తీస్తాను.”

ఆవిడ చూస్తోంది, చూస్తోంది. అవి ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, బొగ్గులయ్యాయి. ముడుచుకుంటేగా! సగం పళ్ళెం బుగ్గిపాలైంది. పెద్దల ముందు ఏనాడూ గొంతెత్తని రూతుకు ఒళ్ళు మండిపోయింది.

“పిన్నీ, అవి జన్మలో ముడుచుకోవు! ముడుచుకోకుండా చేసినందుకే నాకు జీతమిస్తున్నారు. లేవండి అక్కణ్ణుంచి!”

సంపూర్ణమ్మ బిత్తరపోయి లేచింది. రూతు గరిటె అందుకుంది. ఆమె వేయించినవి బంగారు రంగులో, వేలికంటే పొడుగ్గా, ఒక్క వంకరా లేకుండా పళ్ళెంలోకి వచ్చాయి. ఆ వాసనకు బయటివాళ్ళు పాక వైపు తలలు తిప్పారు.

ఈసారి మొదటి పాట భీమరాజుగారిదే. ఊరి పెద్దగా ఏటా పండక్కి వచ్చి కుర్చీలో కూర్చోవడం ఆయనకు అలవాటు.

“మా చెరువు రొయ్యని జపానువాడు ఎలా తింటున్నాడో చూద్దాం,” అంటూ ఒకేసారి కోడిపుంజు ధర పెట్టేశారు.

“ఇంకో పది!” అని వెనకనుంచి కేక. చూస్తే క్రిస్టినా, రూతు పక్క బల్ల మీద పనిచేసే పిల్ల. ఆమె చుట్టూ ప్లాంటు ఆడవాళ్ళంతా గుమిగూడారు. రాజుగారు పెంచారు. వాళ్ళు కొంగుముళ్ళు విప్పి గుసగుసలాడుకుని మళ్ళీ “ఇంకో పది!” అన్నారు. పాట మేకపోతు ధర దాకా పాకింది. పళ్ళెం రొయ్యలకు ఇంత పెడితే ఊరు నవ్వుతుందని రాజుగారు ఆగిపోయారు. నవ్వితే నవ్వనీ అనుకున్నారు ఆడవాళ్ళు.

“రూతు పంట! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!” సాల్మన్ సంతోషంగా పళ్ళెం పైకెత్తి అరిచాడు.

పళ్ళెం చేతికి రాగానే క్రిస్టినా మొదటిది రూతు నోట్లో పెట్టింది. రూతు నమిలింది. కరకరలాడింది.

“ఓసి నా తల్లో! ఇంత రుచని తెలిస్తే ఇన్నేళ్ళూ ఒక్కదాన్నీ ఓడెక్కనిచ్చేదాన్ని కాదే!”

నవ్వులతో ఆవరణ దద్దరిల్లింది. ఆ సందడిలో భీమరాజుగారు ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి వచ్చి, “ఏమ్మా రూతూ, నాకొకటి పెడతావా?” అంటూ చెయ్యి చాచారు. రూతు తొందరపడలేదు. అందరికీ అందాయో లేదో చూసుకుని, పళ్ళెంలో పొడుగైనది ఏరి ఆయన చేతిలో పెట్టింది.