చెట్టు మీద బెత్సీ పేరు

నాంపల్లిలో బెత్సీ సిస్టర్ తెలియనివాళ్ళు తక్కువ. దవాఖానలో ఇరవయ్యేళ్ళకు పైబడిన సర్వీసు ఆమెది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలే" అనేది. మంచం మీది రోగి అయినా, రౌండ్సుకు వచ్చిన డాక్టరైనా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడాల్సిందే. అంతటి మనిషికి చేతికి గడియారం లేదు. నర్సుకి గడియారం లేకపోతే నాడి ఎట్లా చూస్తుందయ్యా అంటే, పక్కనున్న తోటి నర్సు వరలక్ష్మి చెయ్యి లాక్కుని ఆమె గడియారంలో చూసేది.

ఒకప్పుడు ఉండేది. మొదటి జీతాలు కూడబెట్టి, సెకన్ల ముల్లు బాగా కనబడాలని మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారమే అబిడ్స్‌లో కొనుక్కుంది. వాళ్ళ అన్న హెర్బర్ట్ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోతూ, "జర ఇయ్యి చెల్లె, పొద్దుగూకేసరికి తెచ్చిస్త" అని పట్టుకుపోయాడు. ఉద్యోగం వచ్చింది, ఫ్లోరాతో పెళ్ళయింది, కాచిగూడలో కాపురం పెట్టాడు, ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆ పొద్దు మాత్రం ఇంకా గూకలేదు.

ఆ ముగ్గురు పిల్లలకూ క్రిస్మస్ అంటే మేనత్తే. వాళ్ళ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పండక్కి ముందు వచ్చే ఆదివారం సాయంత్రం పెద్ద సరుగుడు కొమ్మ తెచ్చి నిలబెట్టి, దానికి బహుమానాలు వేలాడదీస్తారు. ఒక్కోదానికీ చీటీ ఉంటుంది, ఎవరికో, ఎవరు ఇచ్చారో రాసి. పాస్టరు అయ్యగారు రెండు పేర్లూ గట్టిగా చదువుతారు. అంటే ఇచ్చిపుచ్చుకోవడం ఇద్దరి మధ్య విషయం కాదు, సంఘం మొత్తానికీ చాటింపే. పొట్లం ఎంత లావుందో, పట్టా నూలా అని బల్లల మీద కూర్చున్నవాళ్ళు కళ్ళతోనే తూచేస్తారు. బాగుంటే "మా ఆడబిడ్డ చేతికి ఎముక లేదు" అని ఫ్లోరా మురిసిపోయేది. కాస్త తగ్గిందా, "మొగుడా పిల్లలా, ఎవరికోసం దాస్తుందో" అని వెనక బల్లలో గుసగుసలు మొదలయ్యేవి. తండ్రి ఏమిచ్చాడని అడిగిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు.

ఇన్నేళ్ళలో "బెత్సీ నుంచి" అన్న మాట చర్చిలో ఎన్నిసార్లు వినిపించిందో. "బెత్సీకి" అన్న మాట ఒక్కసారీ వినిపించలేదు. ఒక ఏడు ఆమె కొమ్మ ఖాళీ అయ్యేదాకా కూర్చుని చూసింది కూడా. ఇంటికొచ్చి ఏడ్చింది, పొద్దున్నే లేచి డ్యూటీకి పోయింది.

పందొమ్మిది వందల అరవై ఆరులో హెర్బర్ట్ పెద్దకొడుకు జార్జి మెట్రిక్ పాసయ్యాడు. డిసెంబరు మొదట్లో హెర్బర్ట్ దవాఖానకే వచ్చాడు.

"ఏంది అన్నా, గింత పొద్దుగాల వచ్చినవ్?"

"జార్జికి మాటిచ్చిన చెల్లె. క్రిస్మస్‌కు గడియారం అని. ఫ్లోరా సంఘంల అందరికీ చెప్పుకున్నది."

"మాటిచ్చింది నువ్వు. కొనేదెవలు?"

"నువ్వు గాక ఇంకెవలున్నరు వానికి? అయినా నీకు మాత్రం ఎవలున్నరు?"

అత్త సొమ్ము అల్లుడు దానం అని మనవాళ్ళంటారు. ఇక్కడ సొమ్ము మేనత్తది, అందుకునేది మేనల్లుడు, దానం చేసిన పేరు మాత్రం అన్నగారిది. బెత్సీకి దాని మీద కోపం రాలేదు, అది అలవాటే. "నీకెవలున్నరు" అన్నది మాత్రం ముల్లులా దిగింది.

"మంచిది అన్నా, గడియారం కొంట" అంది. ఎవరికోసమో చెప్పలేదు, ఆయన అడగలేదు.

అదే వారం వరలక్ష్మికి గుంటూరు బదిలీ అయింది. "సోమవారం నుంచి నేనుండను. ఇక ఎవరి చెయ్యి పట్టుకుంటావే తల్లీ?" అంది.

"నా చెయ్యే" అంది బెత్సీ.

అబిడ్స్‌లో దుకాణం బాలకిషన్ గాజుపెట్టె మీద గడియారాలు పరిచి, ఎవరి చేతికని అడిగితే, సిస్టర్ తన చేతినే ముందుకు చాపింది. డబ్బా కట్టించి, చీటీ తన చేత్తోనే రాసింది. జార్జికి మంచి ఫౌంటెన్ పెన్ను, చిన్నవాళ్ళిద్దరికీ బట్టలు తీసుకుంది. తప్పు చేస్తున్నానేమో అన్న దిగులు గన్‌ఫౌండ్రీ దాటేదాకా ఉంది. ఆ తర్వాత ఆకలి వేసింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పెన్ను చీటీ చదివి పేరు పిలిస్తే జార్జి వెళ్ళి తీసుకున్నాడు. అసలుది వెనక వస్తుందని వాడి ముఖమే చెబుతోంది. చివరికి అయ్యగారు చిన్న డబ్బా తెంపి చేతిలోకి తీసుకోగానే ఫ్లోరా కొంగు సర్దుకుంది, జార్జి సగం లేచాడు.

"బెత్సీకి" అని చదివి అయ్యగారు ఆగారు. చీటీ మళ్ళీ చూసుకున్నారు. "ఇచ్చినవారు... బెత్సీ. పొరపాటు రాశారేమోనమ్మా."

జార్జి కూర్చుండిపోయాడు. బెత్సీ వాడి ముఖం చూసింది. ఒక్క క్షణం, ఆ డబ్బా వాడికే ఇప్పించేద్దామా అనిపించింది. అయినా లేచింది.

"పొరపాటు కాదు అయ్యగారూ. ఎవరన్న పిలుస్తరేమో అని ఇన్నేండ్లు చూసిన. గిప్పుడు నేనే పిలుచుకున్న."

వెనక బల్లలో ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె మెల్లగా నడిచివెళ్ళి డబ్బా అందుకుని, అక్కడే విప్పి, అందరూ చూస్తుండగా చేతికి పెట్టుకుంది.

బస్‌స్టాపు దాకా ఫ్లోరా ముఖం మాడ్చుకునే నడిచింది. హెర్బర్ట్ ఆ పాత గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అది ఆగిపోయి ఉంది. "టైమెంతయింది చెల్లె?" అన్నాడు.

"ఎనిమిది కావొస్తున్నది. బస్సుకు ఇంకా టైముంది, చాయ్ తాగుదాం రాండ్రి."

ఇరానీ హోటల్ ఫ్యామిలీ గదిలో జార్జి ఆమె పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని, సెకన్ల ముల్లు తిరగడం చూశాడు. "మంచిగున్నది అత్తమ్మా" అన్నాడు. వాడి గొంతులో ఇంకా బాధ ఉంది, అబద్ధం మాత్రం లేదు.

"నౌకరీ చేసి నువ్వూ కొనుక్కో బిడ్డా. గప్పటిదాక టైం నన్నడుగు" అని బెత్సీ వాడి తల నిమిరింది.

బేరా వచ్చి బిల్లు కోసం నిలబడ్డాడు. అలవాటుకొద్దీ అందరి కళ్ళూ బెత్సీ సంచి మీదికి పోయాయి. బెత్సీ తీరిగ్గా గడియారానికి కీ ఇచ్చుకుంటోంది. హెర్బర్ట్ కాసేపు చూసి, జేబులో చెయ్యి పెట్టాడు.