కొసరు గాలి

ఛత్రినాకలో మేం అద్దెకున్న ఇంటి వెనకే పాలాయన కొట్టం. మేడ మీద నిలబడితే రెండు బర్రెల వీపులూ, దాణా గదీ, గోడ వారన పందికొక్కుల బొక్కలూ కనిపించేవి. ఆ చలికాలం ఒక బర్రె పడుకుని ఉండగా పందికొక్కు దాని చన్ను కొరికింది. చీము పట్టి పాలు ఎండిపోయాయి. ఇక ఇల్లు నడవాలంటే మొన్ననే ఈనిన రెండో బర్రె పొదుగే దిక్కు. విషం పెడితే దాణాలో కలుస్తుందని భయం. పాలాయన అఫ్జల్‌గంజ్ వెళ్లి గాలి తుపాకీ తెచ్చుకున్నాడు.

దానికి సైకిల్ పంపులాంటి పొడవాటి పంపుతో గాలి ఎక్కించాలి. ఎంత ఎక్కిందో చిన్న బిళ్ల మీద ముల్లు చూపిస్తుంది. పచ్చ గీత దాటించొద్దని దుకాణం అతను మరీమరీ చెప్పాడట. గాలి అతిగా బిగిస్తే లోపలి వాల్వు సరిగా తెరుచుకోదు. ఛర్రా, అంటే అందులో వేసే సీసపు గుండు, జోరు తగ్గి గురి కన్నా కింద తగులుతుంది.

మొదటి సాయంత్రం గీత దాకానే కొట్టాడు. పందికొక్కు తల పగిలి ఉన్నచోటే పడింది. దాన్ని తోక పట్టుకుని గల్లీ అంతా తిప్పాడు.

మర్నాడు పాలు పితికే వేళకు మళ్లీ పంపు పట్టాడు. ముల్లు గీత మీదికొచ్చినా ఆపలేదు.

"గీత దాటింది కదయ్యా" అన్నాను పైనుంచి.

"కొసరు లేకుంట ఎన్నడన్న పోసిన్నా సార్?" అని నవ్వాడు.

నిజమే. రోజూ పాలు కొలిచాక మా గిన్నెలో ఇంకాస్త వంచేవాడు. గాలికీ అదే అలవాటు.

తొట్టి కింద నుంచి పందికొక్కు వచ్చింది. తలకు గురి పెడితే నడుముకు తగిలింది. వెనక కాళ్లు పడిపోయి, ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ కీచుమంది. గోడెక్కి చూస్తున్న పక్కింటివాళ్లు పగలబడి నవ్వారు.

"ఏందన్నా, డాన్స్ నేర్పుతున్నవా?"

"ఉండున్రి భై. మెల్లగ సావనీ. నా బర్రెను కొరికినప్పుడు దానికి దయ ఉండెనా?"

అది ఈడ్చుకుంటూ బర్రె పొట్ట కిందికి చేరింది. అప్పుడు కంగారుపడి మళ్లీ పేల్చాడు. ఛర్రా దాని ముందున్న షాబాదు బండకు తగిలి ఎగిరి పొదుగులో దిగింది. బర్రె అరుస్తూ గెంతింది. దాని కాలి కిందే పడి పందికొక్కు నలిగిపోయింది.

బకెట్‌తో వచ్చిన పాలాయన భార్య వంగి గాయం చూసింది.

"పందికొక్కు కొరికినా ఇంత లోతు దిగకపోవు" అంది, మొగుడి వైపు తిరగకుండానే.

గాయం మానింది. కానీ పంపు చప్పుడు వింటే బర్రె పాలు బిగబట్టేది. పితికే వేళ గల్లీలో ఎవరు సైకిల్‌కు గాలి కొట్టినా అంతే. దూడ మూతి పెడితే తన్నేది. పాలాయన దాని వెనక కాళ్లు కట్టేసి కర్రతో బాదేవాడు. పాలు దిగకపోతే ఇంకా బాదేవాడు.

ఆ లొల్లికి పందికొక్కులు మాత్రం బెదరలేదు. తీరిగ్గా వచ్చి దాణా తింటుండేవి.